చూడి గొర్రె చెప్పే మాట

గొర్రెకు తెలివి లేదని లోకం ఒక నింద వేసి ఉంచింది. ఒకటి పోయిన దారినే తక్కినవన్నీ పోతే గొర్రెదాటు అని నవ్వుతారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత కూడా ఉన్నది. ఈ నిందలలో నిజమెంతో తేల్చడానికి మేము పూనుకోలేదు. చదువరులకు ఒక్క సంగతి మాత్రం మనవి చేయదలచినాము. చూడితో ఉన్న గొర్రె ఐదు నెలలపాటు తన నడతతో మనకు ఎన్నో మాటలు చెబుతుంది. వాటిలో రెండు మాటలను మనం తరచుగా తప్పుగా అర్థం చేసుకుంటాము. పొరపాటు మనది, నష్టం మాత్రం తల్లికీ పిల్లకీ, ఆపైన మన ఇంటికీ.

మదురై నుండి దిండిగల్లుకు పోయే దారిలో వాడిపట్టి ఉన్నది. ఉత్తరాన సిరుమలై కొండలు, దిగువన పెరియారు కాలువ కింద పండే వరిమళ్లు. ముల్లపెరియారు ఆనకట్ట 1895లో పూర్తి అయినది మొదలు ఆ నీరు ఈ సీమకు అన్నం పెడుతున్నది. కోతలు ముగిసిన మడిలో రాత్రిపూట గొర్రెలను ఆపించడం ఈ దక్షిణదేశంలో పాత వాడుక. అరవంలో దానిని కిడై అంటారు, మన ఇండ్లలో మంద కట్టించడం అంటాము. నాలుగు రాత్రులు మంద నిలిచిన మడికి పెంట బండ్లు తోలే పని తగ్గుతుంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి, అరవంలో గొప్ప రచయిత అయిన కి. రాజనారాయణన్‌గారు తమ నవలిక ఒకదానికి 'కిడై' అనే పేరు పెట్టినారు. మన పాత కాపురాలకూ గొర్రెల మందకూ ఉన్న పొత్తు అంతటిది.

వాడిపట్టి తాలూకాలోనే కచ్చైకట్టి అనే ఊరున్నది. ఆ ఊరి పేరుమీద ఒక గొర్రెజాతియే ఉన్నది. కచ్చైకట్టి నల్లగొర్రె అని దాని పేరు. ఒళ్లు నలుపు, పొట్టేళ్లు పందేలకు పేరుపడ్డవి. కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశవాళీ గొర్రెజాతుల పట్టికలో దీనికి చోటిచ్చింది. పందెంలో గెలిచిన పొట్టేలు సంగతి ఊరంతా చెప్పుకుంటుంది. దానిని ఐదు నెలలు మోసిన తల్లి సంగతి చెప్పుకునేవారు తక్కువ. ఆ తల్లి సంగతే ఈ వ్యాసం.

మా ఇంట జరిగిన పొరపాటు

చాలా ఏండ్ల కిందటి మాట. మా దొడ్డిలో అప్పుడు పదిపన్నెండు గొర్రెలు ఉండేవి. వాటిలో ఒక నల్లగొర్రెను పొట్టేలు దాటింది. నెల తిరిగిన తరువాత అది మళ్లీ పొట్టేలు వెంట తోక ఆడించుకుంటూ తిరిగింది. పొట్టేలు మళ్లీ దాటింది.

"ఇది కట్టే గొర్రె కాదు. మేత దండుగ. సంతకు తోలుదాము" అన్నారు మా నాయన.

మా అవ్వ ఒప్పుకోలేదు. "తొందరపడవద్దు నాయనా. దాని నడక చూడు, మేత మీద దాని ఆశ చూడు. ఇంకొక నెల ఉంచు" అన్నది.

"అమ్మా, చూడి కట్టినది మళ్లీ పొట్టేలు దగ్గరికి పోతుందా?"

అవ్వ దగ్గర దానికి జవాబు లేదు. ఆమెకు తెలిసినదల్లా చూపు, చేతివాటం. నెలన్నరకు గొర్రెను సంతలో అమ్మివేసినాము. కొన్నవాడు మాంసానికే కొన్నాడు. మరుసటి సంతలో వాడు ఎదురుపడి, ఏమీ దాచకుండా, దాని కడుపులో రెండు పిల్లలు ఉండినవని చెప్పినాడు. ఇంకా బొచ్చు మొలవని పిల్లలట. ఆ పూట మా అవ్వ అన్నం ముట్టలేదు. మా నాయన కూడా ఆ తరువాత ఏ గొర్రెనూ గొడ్డుది అనలేదు.

ఇందులో మా నాయన తప్పు ఎంత? ఎద తిరిగి వస్తే చూడి లేనట్టే అనేది రైతు లెక్క. నూటికి ఎక్కువపాళ్లు ఆ లెక్క నిజమే. కాని అన్నిసార్లూ నిజం కాదు. చూడితో ఉండి కూడా కొన్ని గొర్రెలు ఎద చూపుతాయి, పొట్టేలును రానిస్తాయి. పశువైద్య శాస్త్రానికి ఇది ఎంతో కాలంగా తెలిసిన సంగతి. మన దొడ్డి దాకా రావడమే ఆలస్యం.

చూడిలో ఎద ఎట్లా వస్తుంది?

ముందు మామూలు ఎద సంగతి చూద్దాము. గొర్రెకు 16, 17 దినాలకు ఒకసారి ఎద వస్తుంది. ఒక దినమో ఒకటిన్నర దినమో ఉండి పోతుంది. ఆవు ఎదకు వస్తే అరుస్తుంది, తోటి ఆవుల మీద ఎక్కుతుంది, ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. గొర్రె అట్లా కాదు. మందలో పొట్టేలు లేకపోతే దానికి ఎద వచ్చినట్టూ పోయినట్టూ కూడా మనకు తెలియదు. పొట్టేలు దాని మూత్రం వాసన చూసి, తల పైకెత్తి, పైపెదవి ముడుస్తుంది. ముందుకాలితో గొర్రె పక్కన తడుతుంది. ఎదలో ఉన్నది కదలక నిలిచి, తల వెనక్కు తిప్పి చూసి, తోక ఆడిస్తుంది. ఎదలో లేనిది తప్పుకొని పోతుంది.

చూడి కట్టిన పిమ్మట గర్భకోశంలో పిల్లను నిలిపేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోను. అండం వెలువడిన చోట ఏర్పడే పసుపుపచ్చని గడ్డలో నుంచి ఇది మొదట వస్తుంది. సుమారు 50 దినాలు దాటిన తరువాత మాయ కూడా ఆ హార్మోనును చాలినంత తయారుచేసుకొంటుంది. ఎదను అణచి ఉంచేది కూడా ఇదే. అయితే చూడిలో ఉన్నంతమాత్రాన అండాశయం పూర్తిగా నిద్రపోదు. చిన్నచిన్న బుడగలు పెరుగుతూ, అణగుతూ ఉంటాయి. వాటిలో పుట్టే ఈస్ట్రోజెన్ అనే మరొక హార్మోను ఎదకు కారణం. అది ఒక్కొక్క గొర్రెలో నడతను కదిలించేటంత అవుతుంది. అప్పుడు గొర్రె ఎదలో ఉన్నట్టే నడుచుకుంటుంది. లోపల కొత్త అండం మాత్రం సాధారణంగా వెలువడదు. పొట్టేలు దాటినా కొత్త చూడి కట్టదు, ఉన్న చూడికి మామూలుగా చెరుపు రాదు.

కనుక అది పైకి చూపే ఎద. దానిని చూసి గొడ్డుదని తీర్పు చెప్పరాదు.

సీమ దేశాలలో, ఆస్ట్రేలియాలో పొట్టేలు రొమ్మున రంగు పూసి మందలోకి వదులుతారు. దాటిన గొర్రె నడుము మీద ఆ రంగు అంటుతుంది. 16, 17 దినాలకు ఒకసారి రంగు మారుస్తారు. మన ఇండ్లలో కావిమన్ను నూనెలో కలిపి పూసినా ఇదే పని జరుగుతుంది. రెండు రంగులు పడిన గొర్రె మొదటిసారి కట్టలేదని అక్కడి లెక్క. తెలివైన రైతు అక్కడ కూడా దానితో ఊరుకోడు, స్కాన్ చేయించి చూస్తాడు. దాటిన నాటినుండి 40 దినాలు గడిచినచో స్కాన్ యంత్రంలో చూడి బాగా కనబడుతుంది, రెండు పిల్లలుంటే అదీ తెలుస్తుంది.

మన పల్లెల్లో చిక్కు ఏమిటంటే, పొట్టేలు ఏడాది పొడుగునా మందతోనే తిరుగుతుంది. ఏది ఎప్పుడు దాటిందో కాపరి మనసులో తప్ప మరెక్కడా ఉండదు. రెండవసారి దాటిన దినం నుండి లెక్క పెడితే మరొక నష్టం కూడా ఉన్నది. గొర్రె చూడి మోసేది సుమారు 150 దినాలు. కడుపులో పిల్ల బరువులో మూడింట రెండు వంతులు చివరి ఆరు వారాలలోనే పెరుగుతుంది. ఇంకా నెలకు పైగా ఉన్నదని మనం మేత పెంచకుండా కూర్చుంటే, తల్లి ఎముకల గూడై ఈనుతుంది. పాలు చాలవు, పిల్ల నిలవదు. రెండు పిల్లలను మోసే గొర్రెకు చివరి వారాలలో మేత చాలకపోతే ఒక జబ్బు కూడా వస్తుంది. మంద వెళ్లినా అది కదలక నిలబడుతుంది, చూపు లేనిదానివలె తడబడుతుంది, మేత ముట్టదు. ఆలస్యం చేస్తే తల్లీ పిల్లలూ అందరూ పోతారు. మంద నుండి విడిపడిన చూడి గొర్రెను చూస్తే మొండితనం అనుకోక వెంటనే పశువుల డాక్టరును పిలవాలి.

అందుచేత మేము చెప్పేది ఇది. మొదటిసారి దాటిన దినం ఒకటి, రెండవసారి దాటిన దినం ఒకటి, రెండూ గోడమీద రాసి ఉంచండి. మేత మొదటి తేదీ ప్రకారం పెంచండి. అమ్మకం మాత్రం రెండవ తేదీ మీద 40 దినాలు దాటి, పరీక్ష చేయించిన పిమ్మటనే. చూడి పశువును వధించరాదని 2001లో కేంద్రప్రభుత్వం వధశాలల కోసం చేసిన నియమాలలో కూడా ఉన్నది. చట్టం అంతదూరం వచ్చింది, దానికి మన కన్ను తోడు కావాలి.

ఇంకొకరి పిల్లను నాకే గొర్రె

రెండవ పొరపాటు ఈత దగ్గర జరుగుతుంది.

ఈనడానికి దగ్గరపడిన గొర్రె మంద అంచుకు జరుగుతుంది. కాలితో నేల గీకుతుంది, కూర్చుంటుంది, లేస్తుంది, చుట్టూ తిరిగి ఆ చోటనే మళ్లీ వాసన చూస్తుంది. గొంతు దించి, నోరు పెద్దగా తెరవకుండా, చిన్నగా గురగురమంటుంది. ఆ గొంతు ఈతవేళ తప్ప ఎప్పుడో గాని వినబడదు. పిల్లను పిలిచే గొంతు అది.

ఇందులో వింత ఒకటి ఉన్నది. మామూలు దినాలలో గొర్రెకు ఉమ్మనీటి వాసన గిట్టదు. ఆ నీరు కలిసిన మేత పెడితే మూతి తిప్పుకుంటుంది. ఈత ఘడియ వచ్చేసరికి అదే వాసన దానికి ప్రాణం అవుతుంది. నీరు పడిన నేలను సైతం నాకుతుంది. ఫ్రాన్సు దేశంలో లెవీ, పోయింద్రోన్ మొదలైన శాస్త్రజ్ఞులు 1983లో ఈ మార్పును పరీక్షించి ప్రకటించినారు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ ఆశ ఒక్కొక్క గొర్రెలో తన పిల్ల పుట్టకముందే మేలుకొంటుంది. కొన్ని గంటల ముందు, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు దినాల ముందే. పక్కన వేరొక గొర్రె ఈనితే, ఇంకా ఈనని ఈ గొర్రె ఆ తడిపిల్ల దగ్గరికి పోయి నాకుతుంది, గురగురమంటుంది, పొదుగు చూపుతుంది, అసలు తల్లిని కుమ్మి తోసివేస్తుంది. విశాలమైన బీడులో అయితే ఈనే తల్లి దూరంగా పోయి తన పిల్లను కాపాడుకుంటుంది. తడికెల మధ్య ఒకదానినొకటి ఒరుసుకొని నిలిచే రాత్రి మందలో పోవడానికి చోటేది?

తెల్లవారి చూస్తే ఒక పిల్ల, రెండు తల్లులు. ఏది గట్టిగా అరిచి మీదికి వస్తే దానికే పిల్ల అని చాలామంది తీర్పు చెబుతారు. తప్పు అక్కడే. పిల్ల వేరొక తల్లి వెనుక పోయి కొన్ని గంటలు గడిస్తే, కన్నతల్లికి దానిమీది ఆశ ఆరిపోవచ్చు. ఎత్తుకుపోయిన గొర్రె ముర్రుపాలు ఆ పిల్ల తాగివేస్తుంది. మరునాడు దాని సొంత పిల్ల పుట్టేసరికి పొదుగులో ఆ పాలు మిగలవు. రెండింటినీ సాకే శక్తి లేక ఒకదానిని కాలితో తన్నవచ్చు. ఒక్క తప్పు తీర్పు వలన రెండు పిల్లలు పోతాయి.

అసలు తల్లిని గుర్తించడానికి అరుపును నమ్మవద్దు. తోక ఎత్తి చూడండి. ఈనిన గొర్రెకు అక్కడ తడి, నెత్తురు మరక ఉంటాయి, మాయ ఇంకా వేలాడుతూ ఉండవచ్చు. డొక్కలు పల్లమైపోయి ఉంటాయి. కడుపు ఇంకా నిండుగా, తోక కింద పొడిగా ఉన్నది ఎంత ప్రేమ చూపినా ఆ పిల్లకు తల్లి కాదు. దానిని కసరవద్దు, కొట్టవద్దు. దొంగతనం దాని బుద్ధిలో లేదు. దాని ఒళ్లు పిల్లకోసం ఒక ఘడియ ముందుగా మేలుకొన్నది, అంతే. అది కూడా ఆ రోజో మరునాడో ఈనుతుందని మనకు చెబుతున్నది. దానిని వేరుగా కట్టి, నీళ్లూ మేతా పెట్టి కాచుకొని ఉండాలి.

మొదటి ఆరు గంటలు

పిల్ల బయటికి వచ్చేటప్పుడు గర్భద్వారం సాగడం వలన తల్లి మెదడుకు ఒక కబురు పోతుంది. అక్కడ ఆక్సిటోసిన్ అనే హార్మోను వెలువడుతుంది. తల్లితనం ఆ కబురుతో మేలుకొంటుందని కేంబ్రిడ్జి, ఫ్రాన్సు, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కలిసి 1983లో 'సైన్స్' పత్రికలో చూపించినారు. పిల్లను నాకుతూ నాకుతూ సుమారు రెండు గంటలలో తల్లి దాని వాసనను నేర్చుకుంటుంది. ఆ పిమ్మట వంద పిల్లలలో కూడా తనదానినే దగ్గరికి రానిస్తుంది, పరాయిదానిని తలతో నెట్టుతుంది.

అందువలన ఆ మొదటి గంటలలో మనం చేసే మేలు చాలావరకు చేయకుండా ఉండడమే. పిల్లను గుడ్డతో శుభ్రంగా తుడిచివేస్తే తల్లి నేర్చుకోవలసిన వాసనను మనమే తుడిచినట్టు. ముక్కులో, నోటిలో జిగురు అడ్డుపడితే అంతమాత్రం తీసివేసి, పిల్లను తల్లి మూతి ముందర పెట్టి తొలగిపోవాలి. పిల్లను గంప కింద మూసి తల్లిని మందతో మేతకు తోలడం మరీ పొరపాటు. ఈనిన చోటనే తల్లిని కనీసం ఆరు గంటలు నిలవనిస్తే కవలపిల్లలు రెండూ దక్కే అవకాశం పెరుగుతుందని ఆస్ట్రేలియాలో మెరినో గొర్రెల మీద చేసిన పరిశీలనలో తేలింది. కవలల తల్లిని తొందరగా తోలితే వెంట వచ్చినది పిల్ల, వెనకబడినది కాకులపాలు, కుక్కలపాలు.

ముర్రుపాలు పుట్టిన గంట రెండు గంటలలోనే పిల్ల కడుపులో పడాలి. రోగాలను అడ్డుకునే శక్తి గొర్రెపిల్లకు మాయ ద్వారా అందదు, ఆ పాల ద్వారానే అందుతుంది. ఒక దినం గడిస్తే ఆ శక్తిని పీల్చుకునే దారి పిల్ల పేగులలో మూసుకుపోతుంది. బొడ్డుకు అయోడిన్ పూయడం మరవరాదు.

తల్లి లేని పిల్లను పిల్ల లేని తల్లికి అంటగట్టడంలో పాత కాపరుల ఉపాయం ఒకటి ఉన్నది. చచ్చిన పిల్ల తోలును చొక్కావలె తొడుగుతారు, లేదా అప్పుడే ఈనిన తల్లి ఉమ్మనీటిని దాని ఒంటికి పులుముతారు. బడికి పోని మనిషి కనిపెట్టిన ఈ పనికి కారణం ఏమిటో ప్రయోగశాలలు తరువాత చెప్పినవి. ఇద్దరూ ఒక్క చోటికే చేరినారు. తల్లి ముక్కుతోనే పిల్లను చూస్తుంది.

మందకోసం రెండు మాటలు

2019 పశుగణనలో ఈ దేశంలో 7 కోట్ల 42 లక్షల గొర్రెలు లెక్కకు వచ్చినవి. వాటిలో తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రదేశంలో 1 కోటి 76 లక్షలు. సగానికి దగ్గరగా తెలుగు నేలమీదనే ఉన్నవన్నమాట. తమిళనాడులో 45 లక్షలు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు ఒక్కొక్క ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇవ్వడానికి పూనుకొన్నది. ఇరవై గొర్రెల ఇంటిలో ఒక్క చూడి గొర్రెను గొడ్డుదని అమ్మినా, ఒక్క ఈతవేళ పొరపడినా, ఆ ఏటి రాబడిలో ఎంత భాగం పోతుందో ఇల్లు నడిపే ఆడవారికి మేము చెప్పనక్కరలేదు.

వాడిపట్టి చుట్టుపట్ల మంద ఉన్న మనవారు మూడు పనులు చేయగలరు. చివరి నెలలో చూడి గొర్రెలను పొట్టేలు నుండి వేరుచేయండి, నిండు కడుపున దెబ్బ తగలకుండా ఉంటుంది. రాత్రి మందలో ఈనబోయేవాటికి ఒక మూల తడికె అడ్డంకట్టి చోటు విడవండి. తేదీలు రాసి ఉంచండి. వీటికి పెద్ద ఖర్చు లేదు.

మంద లేని ఇండ్లవారు కూడా ఒక పని చేయగలరు. ఎద, చూడి, ఈత, మాయ, ముర్రుపాలు, ఇవి ఇన్ని వందల ఏండ్లుగా అరవదేశంలో మన ఇండ్ల చావడిలో నిలిచిన తెలుగు మాటలు. మంద పోతే ఈ మాటలు కూడా దానివెంటే పోతాయి. ఇంట్లో పెద్దవారు ఉంటే పిల్లలను పక్కన కూర్చోబెట్టి, గొర్రె ఎట్లా ఈనుతుందో వారినోట చెప్పించండి. పుస్తకంలో దొరకని సంగతి ఒకటైనా తప్పక దొరుకుతుంది.

మా అవ్వకు హార్మోను పేరు తెలియదు. "ఇంకొక నెల ఉంచు" అన్నది. ఆ నెల ఉంచి ఉంటే మా దొడ్డిలో రెండు నల్లపిల్లలు గెంతేవి. సంతకు గొర్రెను తోలబోయే ప్రతి ఇంటివారికీ మా మనవి ఇదొక్కటే. తాడు విప్పేముందు దాని కడుపు మీద ఒకసారి చెయ్యి వేసి చూడండి. అనుమానం ఉంటే ఇంకొక నెల ఉంచండి.